ప్రోగ్రాంను అనుమానించే ముందు ప్లాన్‌ను చూడండి

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వాడుతుండగా అది ఉన్నట్టుండి మూతబడితే, దాదాపు ప్రతి ఆఫీసులోనూ వినిపించే మొదటి సలహా ఒకటే: తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఈ సలహాకు ఇంత ఆదరణ ఎందుకో ఊహించడం కష్టం కాదు. దానికి ఫైల్లో ఏముందో తెలియనక్కర్లేదు, లాగ్ (ప్రోగ్రాం తన పనితీరు గురించి రాసిపెట్టే నమోదు) చదవనక్కర్లేదు, పైగా కాసేపు తెరమీద ఏదో జరుగుతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి మేనేజరుకు జవాబు చెప్పుకోవడానికీ వీలుగా ఉంటుంది. షెడ్యూళ్లు తయారుచేసే ప్లానర్ల పక్కన కూర్చుని, వారి ఫైళ్లు ఎందుకు తెరుచుకోవడం లేదో, ఎందుకు సేవ్ కావడం లేదో వెతికే పని చాలాకాలంగా చేస్తున్న మనిషిగా నేను ఈ సలహాను వ్యతిరేకిస్తున్నాను. నేను చూసినంతలో, ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లో పదేపదే వచ్చే క్రాష్‌లను రేపేది చాలాసార్లు మనం తయారుచేసుకున్న ప్లానే, అంటే షెడ్యూలు ఫైలే గాని ప్రోగ్రాం కాదు. కాబట్టి పరీక్ష కూడా ప్లాన్ దగ్గరే మొదలు కావాలన్నది నా వాదన.

రీఇన్‌స్టాల్ చేసినప్పుడు మారేది ప్రోగ్రాంకు చెందిన ఫైళ్లు మాత్రమే. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌నే తీసుకుందాం. వ్యూలు, టేబుళ్లు, ఫిల్టర్లు, మ్యాక్రోలు (మాటిమాటికీ చేసే పనులను తామే చేసిపెట్టే చిన్న స్క్రిప్టులు) వంటివాటిని అది గ్లోబల్.ఎంపీటీ అనే ఫైల్లో దాచుకుంటుంది. ఆ ఫైలు ఉండేది వాడుకరి ప్రొఫైల్ ఫోల్డర్‌లో కాబట్టి, ప్రోగ్రాంను తీసేసినా అది సాధారణంగా అక్కడే మిగిలిపోతుంది. అది పాడైపోయి ఉంటే ప్రోగ్రాం తెరుచుకుంటూనే కూలిపోవచ్చు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా, కొత్తగా వచ్చిన ప్రోగ్రాం వెళ్లి చదివేది అదే పాడైన ఫైలును. దానికి బదులు ఆ ఫైలు పేరు మార్చి ప్రోగ్రాంను తెరిస్తే, అది మరో గ్లోబల్ ఫైలును తానే తయారుచేసుకుంటుంది. పాతదాన్ని చెరిపేయకుండా పేరు మాత్రమే మార్చమంటున్నది ఎందుకంటే, టీమ్ ఏళ్ల తరబడి తీర్చిదిద్దుకున్న వ్యూలు, మ్యాక్రోలు అందులోనే ఉండవచ్చు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని వాడుకరి సెట్టింగులు, వేరే కంపెనీల నుంచి తెచ్చి తగిలించిన యాడ్-ఇన్‌లు కూడా ఇలాగే రీఇన్‌స్టాల్‌ను తట్టుకుని నిలిచే రకం. ఇక ప్లాన్ ఫైలు సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని జోలికి ఇన్‌స్టాలర్ వెళ్లదు. పోయేది మాత్రం ఆధారం: ఏ బిల్డ్ (ప్రోగ్రాం వెర్షన్) మీద క్రాష్ మొదలైందో, అప్పటికి ఏ అప్‌డేట్ వచ్చి ఉందో తెలిపే జాడ చెదిరిపోతుంది.

ప్లాన్ మీదకే అనుమానం మళ్లించడానికి మరో బలమైన కారణం ఈ సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరులోనే ఉంది. ఉత్తరం రాసే ప్రోగ్రాంలో ఒక పేరాలో అక్షరం మారిస్తే ప్రభావం మహా అయితే ఆ పేజీ అమరిక వరకు పాకుతుంది. షెడ్యూలింగ్ ప్రోగ్రాంలో అలా కాదు. 1957 ప్రాంతంలో డ్యుపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల తరఫున మోర్గాన్ వాకర్, జేమ్స్ కెల్లీ రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతే (ఏ పనులు ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టే ఆలస్యమవుతుందో తేల్చే పద్ధతి) నేటికీ ఈ ప్రోగ్రాంల గుండెకాయ. ఒక టాస్క్ వ్యవధిని మూడు రోజుల నుంచి నాలుగు రోజులకు మార్చగానే, దాని తర్వాత వచ్చే ప్రతి టాస్క్ మొదలు తేదీని ముందుకు లెక్కిస్తూ పోయి, చివరి నుంచి వెనక్కి మళ్లీ లెక్కించి, ఏ పనికి ఎంత ఫ్లోట్ (ఆలస్యమైనా పరవాలేని వెసులుబాటు) మిగిలిందో తేల్చాలి. మధ్యలో క్యాలెండర్లు అడ్డొస్తాయి, రిసోర్స్‌ల (పనికి కేటాయించిన మనుషుల) సెలవులు అడ్డొస్తాయి, కస్టమ్ ఫీల్డుల్లో రాసుకున్న ఫార్ములాలు మళ్లీ విలువ కట్టించుకుంటాయి. అందుచేత మీరు పదో వరుసలో ఎంటర్ నొక్కినప్పుడు ప్రోగ్రాం కూలిపోయిందంటే, దోషం పదో వరుసలోనే ఉండాలన్న నియమం లేదు. అది ఎక్కడో రెండువేలో వరుసలో, ఎవరూ తెరిచి చూడని ఒక క్యాలెండర్ మినహాయింపులో దాగి ఉండవచ్చు. "నేనేమీ చేయలేదు, ఒక తేదీ మార్చానంతే" అని ప్లానర్ చెప్పే మాట అక్షరాలా నిజమే అయినా, దర్యాప్తుకు అది ఏమాత్రం సాయపడదు.

ఈ విషయం తెలిస్తే ఒక చక్కని పరీక్ష చేతికి వస్తుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ప్రతి మార్పు తర్వాతా లెక్క వేయడాన్ని ఆప్షన్స్‌లోని షెడ్యూల్ భాగంలో ఆపేయవచ్చు. ముందు ఖాళీ ఫైల్లో అది ఆపేసి, ఆ తర్వాత మొరాయిస్తున్న ఫైలు కాపీని తెరిచి, అదే మార్పు చేసి చూడండి. ప్రోగ్రాం నిలబడి, ఎఫ్9 నొక్కి లెక్క వేయించినప్పుడు మాత్రమే కూలిపోతే, దోషం లెక్కింపులో, అంటే లింకులు, క్యాలెండర్లు, ఫార్ములాల్లో ఉన్నట్టు. లెక్క ఆపేసినా ఫైలు తెరుచుకోగానే కూలిపోతే, చూడవలసింది ఫైలు చదివే దశను, లేదా తెరమీద గీసే దశను. ఒక్క సెట్టింగుతో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది. దీన్ని వాడేవాళ్లు ఎందుకింత అరుదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వరస కొంత ముందుకు దూకింది. ఏ పరీక్షకైనా ముందు చేయవలసింది ఫైలు కాపీ తీయడం, అదీ ప్రోగ్రాం లోపలి నుంచి "సేవ్ యాజ్" చేయడం కాకుండా, ప్రోగ్రాం మూసి ఉండగా ఫోల్డర్‌లోనే కాపీ చేయడం. దెబ్బతిన్న ఫైలును తెరిచి మళ్లీ సేవ్ చేస్తే దెబ్బ మరింత లోతుగా దిగవచ్చు, లేదా మనం వెతుకుతున్న లక్షణమే చెరిగిపోవచ్చు. ఆ కాపీని నెట్‌వర్క్ డ్రైవు నుంచి, సింక్ అయ్యే ఫోల్డర్ల నుంచి బయటకు తీసి స్థానిక డిస్కు మీద పెట్టాలి. సేవ్ అవుతున్న క్షణంలో కనెక్షన్ తెగినా, సింక్ ప్రోగ్రామో యాంటీవైరసో ఫైలును పట్టుకుని కూర్చున్నా, ఫైలు సగం పాతది సగం కొత్తదిగా మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. స్థానిక కాపీ శుభ్రంగా పనిచేసి, నెట్‌వర్క్ మీదిది మాత్రమే కూలిపోతుంటే, ఇక ప్లాన్ జోలికి వెళ్లకుండా నెట్‌వర్క్ చూసేవారి దగ్గరకు వెళ్లవచ్చు.

తర్వాత, కూలిపోయిందా, బిగుసుకుపోయిందా అన్నది తేల్చుకోవాలి. జనం ఈ రెంటినీ కలిపి క్రాష్ అనేస్తారు గాని వీటి కారణాలు వేరు. ఒక కిటికీ సుమారు 5 సెకన్ల పాటు విండోస్ పంపే సందేశాలకు జవాబివ్వకపోతే, విండోస్ దానికి "నాట్ రెస్పాండింగ్" ముద్ర వేస్తుంది. పెద్ద ప్లాన్‌లో రిసోర్స్ లెవెలింగ్ (ఒకరి మీదే పడిన అధిక పనిని సర్దే లెక్క) నడుస్తున్నప్పుడు ఐదు సెకన్లు ఏ మూలకు? ఆ ముద్ర చూసి టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ప్రోగ్రాంను చంపేసేవారు, చక్కగా నడుస్తున్న పనిని తామే మధ్యలో తెంపి, ఆ నెపం సాఫ్ట్‌వేర్ మీద వేస్తుంటారు. నిజంగా కూలిపోతే విండోస్‌తో వచ్చే ఈవెంట్ వ్యూయర్‌లోని అప్లికేషన్ లాగ్‌లో 1000 అనే నంబరుతోనూ, బిగుసుకుపోయి మూతబడితే 1002 అనే నంబరుతోనూ నమోదు కనిపిస్తుంది. 1000 నమోదులో దోషం జరిగిన మాడ్యూల్ (ప్రోగ్రాం భాగం) పేరు, మినహాయింపు కోడ్ (ఏ రకం దోషమో చెప్పే సంకేతం) ఉంటాయి. సి0000005తో ముగిసే కోడ్ కనిపిస్తే ప్రోగ్రాం తనది కాని మెమరీని తాకబోయిందని అర్థం. మాడ్యూల్ పేరు ఏదో యాడ్-ఇన్‌దో, ప్రింటర్ డ్రైవర్‌దో అయితే దారి దాదాపు దొరికినట్టే. ఎన్‌టీడీఎల్‌ఎల్ వంటి విండోస్ మూల మాడ్యూల్ పేరు కనిపిస్తే మాత్రం విండోస్‌ను నిందించడానికి తొందరపడకూడదు, ఎందుకంటే మెమరీని పాడుచేసినవాడు ఎప్పుడో వెళ్లిపోయి, ఆ పాడైన చోట తర్వాత కాలుపెట్టినవాడి పేరు మాత్రమే లాగ్‌లోకి ఎక్కుతుంది.

ప్రింటర్ డ్రైవర్ ప్రస్తావన వింతగా తోచవచ్చు. పేజీ అమరిక కోసం ఆఫీసు ప్రోగ్రాంలు డిఫాల్ట్ ప్రింటర్‌ను సంప్రదిస్తాయి, ప్రింట్ చేయమని మీరు అడగకపోయినా సరే. ప్రింట్ ప్రివ్యూ దగ్గరో, గాంట్ చార్టు (పనులను కాలం మీద పట్టీలుగా చూపే పటం) వ్యూ మారుస్తున్నప్పుడో కూలిపోతుంటే, డిఫాల్ట్‌గా పీడీఎఫ్ ప్రింటర్‌ను పెట్టి చూడడానికి పట్టేది ఒక్క నిమిషం.

ఇప్పుడు అసలు విడదీసే పని. కూలిపోతున్న ఫైలును మరో మనిషి కంప్యూటర్లో తెరవాలి, మామూలుగా పనిచేసే మరో ఫైలును ఈ కంప్యూటర్లో తెరవాలి. ఫైలు ఎక్కడికి వెళ్తే క్రాష్ అక్కడికి వెళ్తుంటే దోషం ఫైల్లో ఉంది. ఏ ఫైలు తెరిచినా ఒకే కంప్యూటర్లో కూలిపోతుంటే, అదే కంప్యూటర్లో మరో వాడుకరి లాగిన్‌తో ప్రయత్నించాలి. కొత్త లాగిన్‌లో పనిచేస్తే దోషం ప్రొఫైల్లో, అంటే ముందు చెప్పిన గ్లోబల్ ఫైల్లోనో వాడుకరి సెట్టింగుల్లోనో ఉంది. కంట్రోల్ కీ నొక్కిపట్టి ప్రోగ్రాంను సేఫ్ మోడ్‌లో తెరిచినప్పుడు సమస్య మాయమైతే యాడ్-ఇన్‌లను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. కొత్త లాగిన్‌లో, సేఫ్ మోడ్‌లో, ఖాళీ ఫైలుతో కూడా కూలిపోతుంటే అప్పుడు, అప్పుడు మాత్రమే రీఇన్‌స్టాల్‌కు అర్థం ఉంది. ఆ స్థితి ఉండదని కాదు. అది వరుసలో చివరన రావలసింది, అలవాటు కొద్దీ ముందుకు వచ్చి కూర్చుంది.

దోషం ఫైల్లో ఉందని తేలితే చాలామంది అక్కడితో ఆగిపోయి, నిన్నటి బ్యాకప్ తెరిచి పని సాగిస్తారు. డెడ్‌లైన్ నెత్తిమీద ఉన్నప్పుడు అది సబబే. కాని దోషం నిన్నటి కాపీలోనూ ఉంటే, ఇంకా పైకి తేలనంత మాత్రాన పోయినట్టు కాదు. ఇక్కడే సగానికి సగం కోసే పద్ధతి అక్కరకు వస్తుంది. కాపీలో సగం టాస్క్‌లు తీసేసి చూడాలి, కూలిపోతే మిగిలిన సగంలో దోషం ఉన్నట్టు, లేకపోతే తీసేసిన సగంలో. ఇలా కోస్తూ పోతే వెయ్యి టాస్క్‌ల ఫైలైనా పదిసార్లలో ఒక్క టాస్క్ దగ్గరకు చేరుస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రియాస్ జెల్లర్ 1999లో డెల్టా డీబగ్గింగ్ పేరుతో ప్రతిపాదించిన పద్ధతికి ప్రాణం ఇదే. ప్రింట్ చేయబోతే మోజిల్లా బ్రౌజర్‌ను కూల్చేస్తున్న 896 లైన్ల వెబ్ పేజీని ఆ పద్ధతితో తగ్గిస్తూ పోతే, చివరికి ఒక్క లైను మిగిలింది. మిగతా 895 లైన్లకూ క్రాష్‌తో సంబంధమే లేదు.

షెడ్యూళ్ల విషయంలో ఈ కోతకు ఒక మెలిక ఉంది. టాస్క్‌లు ఒంటరిగా ఉండవు కాబట్టి, సగం తీసేసినప్పుడు రెండు సగాల నడుమ ఉన్న లింకులు కూడా తెగిపోతాయి. రెండు సగాలూ విడివిడిగా బాగానే పనిచేసి, కలిపితే మాత్రం కూలిపోయే పరిస్థితి ఎదురైతే, దోషం ఆ తెగిన లింకుల్లోనో, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న రిసోర్స్‌లోనో ఉందని అనుమానించాలి. అప్పుడు టాస్క్‌లను అలాగే ఉంచి లింకులను మాత్రం తీసి చూడాలి, తర్వాత కస్టమ్ ఫీల్డులను, తర్వాత నోట్స్‌ను, తర్వాత బేస్‌లైన్లను (పోల్చుకోవడానికి దాచిన తొలి ప్లాన్ నకళ్లను). నోట్స్ అని ఊరికే అనలేదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ నోట్స్‌లో ఉత్త మాటలే కాక బొమ్మలను, ఇతర ప్రోగ్రాంల వస్తువులను కూడా అతికించవచ్చు. సేవ్ చేసిన ప్రతిసారీ కూలిపోతున్న ఒక నిర్మాణ ప్రాజెక్టు ఫైలును ఇలా కోస్తూ పోతే, చివరికి దొరికినవి కొన్ని టాస్క్‌ల నోట్స్‌లో ఎవరో అతికించిన స్ప్రెడ్‌షీట్ ముక్కలు. వాటిని తీసేసిన క్షణం నుంచి ఫైలు నోరెత్తలేదు. ఆ ముక్కల్ని అతికించిన మనిషి ఉద్యోగం మారి ఎప్పుడో వెళ్లిపోయాడు, కాబట్టి ఎవరిని ఎన్ని ప్రశ్నలు అడిగినా ఈ జవాబు దొరికేది కాదు.

ఓపిక లేనివారికి ఒక అడ్డదారి ఉంది. ఫైలును ఎక్స్‌ఎంఎల్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) రూపంలో సేవ్ చేసి, ఆ ఎక్స్‌ఎంఎల్‌ను ఖాళీ ఫైల్లోకి తిరిగి తెరవడం. టాస్క్‌లు, రిసోర్స్‌లు, కేటాయింపులు, లింకులు దాటుతాయి గాని, వ్యూలు, ఫార్మాటింగ్, మ్యాక్రోలు దాటవు. దోషం ఆ దాటని సరుకులో ఉంటే అక్కడే రాలిపోతుంది. ఇది మంచి మందే కాని, జబ్బేమిటో చెప్పని మందు. వాడండి, కాకపోతే పాత ఫైలును పారేయకండి.

ప్రిమవేరా పీ6 అనే మరో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఇదే కథ మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ ప్లాన్ ఉండేది డేటాబేస్‌లో. ఒకరి నుంచి మరొకరికి వెళ్లేది ఎక్స్‌ఇఆర్ ఫైలు. ప్రతి సంస్థా మరో సంస్థ పంపిన ఎక్స్‌ఇఆర్‌ను దిగుమతి చేసుకుని, తనది కలిపి, మళ్లీ బయటకు పంపుతుంది. ఈ రాకపోకల్లో పీఓబీఎస్ అనే టేబుల్ వరుసలు పోగుపడిపోయి, చిన్న షెడ్యూలు ఉన్న ఫైలు కూడా విపరీతంగా ఉబ్బి, దిగుమతి గంటల తరబడి సాగడమో మధ్యలో చతికిలబడడమో జరుగుతుంది. ఆ వరుసల వల్ల ప్లానర్‌కు ఒరిగేదేమీ లేదు. ఎక్స్‌ఇఆర్ అంటే ట్యాబ్‌లతో విడదీసిన మామూలు టెక్స్ట్ కాబట్టి, కాపీని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ఏ టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో కంటితోనే చూడవచ్చు. ఐదువందల యాక్టివిటీల షెడ్యూలులో లక్షల వరుసలు కనిపిస్తే కారణం కోసం ఇంకెక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఇలాంటి ఫైలు పట్టుకుని ప్రోగ్రాంను ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఒరిగేది ఏముంది?

నా వాదనకు ఎదురయ్యే ప్రధానమైన అభ్యంతరం నాకు తెలుసు, అది బలమైనదే. ఫైల్లో ఎంత చెత్త ఉన్నా ప్రోగ్రాం కూలిపోకూడదు, "ఈ ఫైలు చదవలేను" అని మర్యాదగా చెప్పాలి, కూలిపోయిందంటే తప్పు తయారుచేసిన కంపెనీదే గాని ప్లానర్‌ది కాదు అంటారు. పూర్తిగా ఒప్పుకుంటాను. డబ్బు తీసుకుని అమ్మే సాఫ్ట్‌వేర్ ఒక అతికించిన బొమ్మకు బెదిరిపోవడం సిగ్గుచేటు. అయితే తప్పు ఎవరిదన్న ప్రశ్న వేరు, రేపు ఉదయం రిపోర్టు ఎలా వెళ్తుందన్న ప్రశ్న వేరు. ప్రోగ్రాం లోపలి బగ్‌ను మనం సవరించలేం, దాన్ని తట్టిలేపే వస్తువు మాత్రం మన చేతిలోనే ఉంది. పైగా కంపెనీ ఆ బగ్‌ను సవరించాలన్నా దాని చేతికి ఆ వస్తువే అందాలి.

ఎర్రర్ రిపోర్టు తానే వెళ్తుంది కదా, వాళ్లే చూసుకుంటారు కదా అనేవారికి ఒక పాత లెక్క గుర్తుచేయాలి. 2002లో అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ వినియోగదారులకు రాసిన లేఖలో, తమకు చేరుతున్న రిపోర్టులను బట్టి 20 శాతం బగ్‌లే 80 శాతం లోపాలకు కారణమనీ, మొత్తం లోపాల్లో సగానికి 1 శాతం బగ్‌లే కారణమనీ చెప్పారు. ఏ కంపెనీ అయినా ముందు ఆ కొద్దిపాటి బగ్‌ల మీదే పడుతుంది, పడాలి కూడా. మీ ప్లాన్‌లో మాత్రమే ఉన్న విచిత్రమైన కలయిక వల్ల లేచే బగ్ ఆ వరుసలో ఎక్కడో తోక దగ్గర ఉంటుంది. దాన్ని ముందుకు జరిపే శక్తి ఒక్కదానికే ఉంది: నాలుగు టాస్క్‌లతో, ప్రతిసారీ, ఎవరి కంప్యూటర్లోనైనా కూలిపోయే చిన్న ఫైలు. ఆ ఫైలు, ప్రోగ్రాం బిల్డ్ నంబరు, ఈవెంట్ లాగ్ నమోదు, ఏ వరుసలో ఏం నొక్కితే కూలిపోతుందో చెప్పే రెండు వాక్యాలు జతచేసిన సపోర్టు టికెట్‌కూ, "సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ క్రాష్ అవుతోంది, అర్జెంట్" అన్న టికెట్‌కూ వచ్చే జవాబులు ఒకేలా ఉండవు. ఇంకో లాభం ఏమిటంటే, నాలుగు టాస్క్‌ల ఫైల్లో మీ సంస్థ రహస్యాలేవీ ఉండవు కాబట్టి పంపడానికి ఎవరి అనుమతీ పట్టుబట్టి తెచ్చుకోనక్కర్లేదు.

సర్వర్ మీద నడిచే సాధనాల దగ్గరకు వస్తే, ఇన్‌స్టాలర్ స్థానాన్ని రీస్టార్ట్ ఆక్రమిస్తుంది. దాన్ని నేను అంత కఠినంగా చూడను. ట్యాండెమ్ కంప్యూటర్స్ సంస్థలో పనిచేస్తుండగా కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే 1985లోనే చెప్పినట్టు, బాగా పరీక్షించి విడుదల చేసిన వ్యవస్థల్లో మిగిలే లోపాలు చాలావరకు తాత్కాలిక స్వభావం కలవి, మళ్లీ ప్రయత్నిస్తే కనిపించకుండా పోయేవి. కాబట్టి రీస్టార్ట్‌తో పని నడిస్తే నడవనివ్వండి, కాని ఆధారం తీసుకున్న తర్వాత నొక్కండి ఆ బటన్. జిరా (టీమ్ పనులను టికెట్లుగా నడిపే సాధనం) వంటి జావా సర్వర్ ఆగిపోయినప్పుడు చూడవలసినవి మూడు. లాగ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాట ఉంటే, జేవీఎంకు (జావా ప్రోగ్రాంలను నడిపే యంత్రాంగానికి) ఇచ్చిన హీప్, అంటే మెమరీ వాటా, నిండిపోయింది. అలా నిండిన క్షణంలో హీప్ డంప్ (ఆ మెమరీ నకలు) రాసిపెట్టే ఐచ్ఛికం జేవీఎంలో ఉంది, ముందే దాన్ని వేసి ఉంచితే ఏ రిపోర్టు, ఏ ప్లగిన్ మెమరీని మింగిందో తర్వాత తీరికగా చూడవచ్చు. లాగ్‌లో ఏమీ లేకుండా, హెచ్‌ఎస్-ఎర్ర్ అన్న పేరుతో మొదలయ్యే ఫైలు ఒకటి పుట్టి ఉంటే, కూలిపోయింది జేవీఎం తానే. లాగ్ మధ్యలో తెగిపోయి, అలాంటి ఫైలు కూడా లేకుండా నిశ్శబ్దంగా ఉంటే లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) లాగ్ తెరవాలి. యంత్రంలో మెమరీ చాలక కెర్నెలే ఆ ప్రాసెస్‌ను చంపేసి ఉండవచ్చు. ఈ మూడో సందర్భంలో, మెమరీ చాలడం లేదనుకుని హీప్ పరిమాణం ఇంకా పెంచితే, కెర్నెల్ దాన్ని మరింత త్వరగా చంపుతుంది. ఆధారం చూడకుండా ఇచ్చే మందు జబ్బును పెంచడమంటే ఇదే.

హీప్ నిండిపోయిన చోట కూడా తరచి చూస్తే అడుగున ప్లాన్ నిర్మాణమే బయటపడుతుంటుంది. అన్ని ప్రాజెక్టుల అన్ని టికెట్లనూ ఒక్క బోర్డు మీద చూపించే ఫిల్టరు, వందల కొద్దీ కస్టమ్ ఫీల్డులు, ప్రతి మార్పుకూ మరో మార్పు చేసే ఆటోమేషన్ నియమాలు. ఎవరో మేనేజరు "ఒక్క చూపులో అంతా కనపడాలి" అన్నాడు, సర్వర్ దాన్ని మోయలేక పడిపోయింది.

బ్రౌజర్‌లో వాడే సాధనాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ప్రైవేట్ కిటికీలో తెరిస్తే పనిచేస్తోందంటే ఎక్స్‌టెన్షన్‌నో నిల్వ ఉన్న పాత డేటానో అనుమానించాలి. సర్వర్ వైపు లోపాన్ని చెప్పే 500, 502, 504 వంటి అంకెలు కనిపిస్తున్నాయంటే మీ కంప్యూటర్‌ను హింసించడం మానేసి అవతలి వారి స్టేటస్ పేజీ చూడాలి.

క్లౌడ్ సేవల్లో నా వాదన ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. 2022 ఏప్రిల్ 5న, జిరాను తయారుచేసే అట్లాసియన్ సంస్థ, వాడకంలో లేని ఒక పాత యాప్‌ను తొలగించడానికి స్క్రిప్టు నడిపింది. తొలగించవలసిన యాప్ గుర్తింపు సంఖ్యలకు బదులు వినియోగదారుల సైట్ల గుర్తింపు సంఖ్యలు ఆ స్క్రిప్టుకు అందడంతో 883 సైట్లు చెరిగిపోయాయి. 775 మంది వినియోగదారులకు తమ జిరా, కాన్‌ఫ్లుయెన్స్ (అదే సంస్థ తయారుచేసే మరో సాధనం) పేజీలు అందకుండా పోయాయి, కొందరికి 14 రోజుల వరకూ. ఆ ప్లాన్లలో ఏ దోషమూ లేదు, ఏ ప్లానర్ చేసిన ఏ పరీక్షా వాటిని ముందు తిప్పి తెచ్చేది కాదు. బ్యాకప్‌లు కంపెనీ దగ్గర ఉన్నాయి, చివరికి సైట్లను తిరిగి నిలబెట్టింది కూడా. కాని ఆ రెండు వారాల్లో ఎవరు ఏ పని చేయాలో చెప్పే కాగితం ఒక్కటీ తమ దగ్గర లేని టీమ్‌లకు ఆ బ్యాకప్ ఉండీ ప్రయోజనం లేకపోయింది.

అందువల్ల క్లౌడ్ వాడేవారు ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం తప్పదు. ఏం ఎక్స్‌పోర్ట్ చేస్తున్నామన్నది మాత్రం చూసుకోవాలి. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు పట్టిక) ఫైల్లో టాస్క్ పేర్లు, తేదీలు, బాధ్యుల పేర్లు వస్తాయి. ఏ పని ఏ పని మీద ఆధారపడి ఉందో చెప్పే లింకులు, చర్చలు, జతచేసిన ఫైళ్లు చాలా సాధనాల్లో అందులోకి రావు. లింకులు లేని షెడ్యూలు ఉత్త తేదీల జాబితా, ఒక పని వారం ఆలస్యమైతే మిగతావి ఏమవుతాయో అది చెప్పలేదు. కాబట్టి సాధనం ఇచ్చే పూర్తి బ్యాకప్ రూపాన్నే తీసుకుని, దాన్ని నెలకోసారైనా ఒక ఖాళీ సైట్‌లోకో ఖాళీ ఫైల్లోకో తిరిగి ఎక్కించి, ఒక టాస్క్ తేదీ మార్చి, దాని వెనకాలివి కదులుతున్నాయో లేదో చూడాలి.